ఒకే గిన్నెలో చప్పిడి కూర

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ అనేది, డిపోలో కండక్టర్లు అనేవాళ్ళు, చివరికి బీపీ మిషను కూడా అదే అంది.

బస్సు డ్రైవర్లకు ఏటా కళ్ళూ రక్తపోటూ చూస్తారు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఒక జనవరిలో భద్రాచలంలో డిపో డాక్టరు నా జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టాడు. ముఖం చిట్లించి మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టాక పట్టీ విప్పేసి, "ఎన్నేండ్ల సంది బండి నడుపుతున్నవ్?" అని అడిగాడు.

"పదహారేండ్లు సార్."

"ఇయ్యాల్టి సంది నడపకు."

ఆయన చీటీ రాస్తూనే చెప్పుకుపోయాడు. "మూడు నెలలు టైం ఇస్తున్న. రోజూ గోలీ మింగు. ఉప్పు తగ్గించు. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండు చేపలు బంద్. కూరలల్ల వేసేదాంట్ల సగం వేసుకో. మూడు నెలలకు ఖమ్మంల పెద్ద మెడికల్ ఉంటది. బీపీ దిగితే స్టీరింగ్ నీది. దిగకపోతే ఇగ రిటైరయ్యే దాక గేటే."

నాది చర్ల రూటు. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, మధ్యలో రోడ్డని పిలుచుకునే గుంతలు. పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి అందరినీ దింపి మూటలు విప్పించేవాళ్ళు. సంత రోజున కోయ అమ్మలు చింతపండు గంపలతో ఎక్కి, తమ భాషలో నన్నేదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. నేనూ అర్థమైనట్టు నవ్వేవాణ్ణి. సాయంత్రం వాళ్ళ ఒళ్ళో ఉప్పు మూటలుండేవి. ఆ ఉప్పు కోసం అడవిలో గంటల కొద్దీ నడిచి వచ్చే మనుషుల్ని పదహారేళ్ళు మోశాను. అలాంటి నన్ను పట్టుకుని ఉప్పు తగ్గించమంటాడా అని ఒళ్ళు మండిపోయింది. మండితే బీపీ ఇంకా లేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. కోప్పడ్డానికి కూడా లేకుండా పోయింది.

గేటు డ్యూటీ అంటే గేటు పక్కన రేకుల గదిలో కూర్చుని, బయటికి పోయే బస్సు నంబరూ టైమూ రాయడం. రోజూ పొద్దున నా బండే నా ముందు నుంచి వెళ్ళేది. కల్లూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన డ్రైవరుకు ఇచ్చారు దాన్ని. ఆయన క్లచ్ మీద నుంచి కాలు తీసేవాడు కాదు. "కాలు తియ్యవయ్యా, అది ఏమన్న పీటనా?" అని అరిచేవాణ్ణి. ఆయన వినపడనట్టు హారన్ కొట్టి వెళ్ళిపోయేవాడు. నేను కూర్చుని నంబరు రాసుకునేవాణ్ణి.

ఇంటికి పోతే మా ఆవిడ. డిపో వెనక కిరాయికి రెండు గదుల ఇల్లు. కూతురు ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది, ఇంట్లో మేమిద్దరమే. మా ఆవిడ మిరప కోతల కాలమంతా పొద్దున్నే ఆడవాళ్ళతో ఆటో ఎక్కి తోటలకు పోయేది, ఆదివారం మాత్రం చర్చికి. మొండి మనిషి. పట్టిందంటే వదలదు. డాక్టరు మాట నా నోటి నుంచి విన్నరోజే ఆవకాయ జాడీ, ఎండు చేపల దండ, అప్పడాల డబ్బా అన్నీ తీసుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేసి వచ్చింది.

"అన్ని ఇచ్చుడెందుకే, దాచిపెట్టొచ్చు కదా," అన్నాను.

"ఇంట్ల ఉంటే నీ చెయ్యి ఊకుంటదా? నీ సంగతి నాకు తెల్వదా?"

"అట్లయితే నీకు వేరే వండుకో. నాకొక్కనికే కదా బీపీ."

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఒక్క ఇంట్ల రెండు కూరలు వండుతరా? నీ ముందల కూసోని నేను ఉప్పు కూర తింటే నా గొంతు దిగుతదా?"

మావాళ్ళలో అంతే. పొయ్యి మీద ఒక గిన్నె ఎక్కుతుంది, అందులోదే అందరూ తింటారు. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే అందరికీ ఆ పూట చారే. ఇది ప్రేమ అని అప్పుడు నాకు తోచలేదు. నన్ను కట్టేయడానికి దొరికిన తాడులా అనిపించింది.

మొదటి రోజు టమాటా పప్పు. డాక్టరు సగం అన్నాడు, ఆమె సగంలో సగం వేసింది. రెండో రోజు గోంగూర. ఉప్పు సరిగ్గా పడని గోంగూర ఎప్పుడైనా తిన్నారా? తినకండి. పులుపు నాలుకను గీరుకుంటూ పోతుంది, వెనక ఏమీ రాదు. మూడో రోజు వంకాయ. నాలుగో రోజు పళ్ళెం ముందుకు నెట్టేసి లేచిపోయాను. గుమ్మంలో నిలబడి వెనక్కి చూస్తే ఆమె తన పళ్ళెంలోది ముద్ద కలుపుకుని, కళ్ళు మూసుకుని మింగుతోంది. మళ్ళీ కలుపుకుంది, మళ్ళీ మింగింది. తిరిగొచ్చి కూర్చుని నేనూ మింగాను.

ఎనిమిదో రోజు నా వల్ల కాలేదు.

గేటుకు ఎదురుగా ఒక మెస్సు ఉంది. నడిపే ఆమెను అందరం అక్కా అనేవాళ్ళం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని అక్కడికి పోయి, "అక్కా, చిటికెడు ఉప్పు ఇస్తవా," అన్నాను. ఆమె చిన్న పళ్ళెంలో పోసి ఇచ్చింది. సొరకాయ కూరలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పోయిన ప్రాణం తిరిగొచ్చింది అనుకున్నాను.

ఒక్కరోజుకే అనుకున్నాను. మర్నాడు చిటికెడుతో పాటు నిమ్మకాయ పచ్చడి. ఆ పై వారం ఎండు చేపల వేపుడు. రోజూ అక్కను అడగడం మొహమాటమై సొంతంగా ఒక ఉప్పు పొట్లం కొన్నాను. గేటు లోపల మూలకు నెట్టిన పాత బస్సులో ప్రథమ చికిత్స పెట్టె ఉండేది. అందులో దూది కూడా ఉండదని డిపోలో అందరికీ తెలుసు, ఎవరూ తెరవరు. పొట్లం దాంట్లో దాచాను. పదహారేళ్ళ సర్వీసులో ఆ పెట్టెలో ఏదన్నా ఉండగా చూడడం అదే మొదటిసారి.

డాక్టరు ప్రతి శనివారం బీపీ చూసి చీటీ ఇచ్చేవాడు. మా ఆవిడకు చదువు రాదు, కానీ అంకెలు వచ్చు. తోట నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా, "ఏదీ చీటీ," అనేది. పై అంకె చూసేది, కింది అంకె చూసేది.

"తగ్గలేదేందయ్యా?"

"ఏమో, నాకేం తెలుసు."

"నేనే ఎక్కువేస్తున్న," అంది. ఆ రాత్రి నుంచి కూరలో వేసేది ఇంకా తగ్గించింది.

మరుసటి శనివారం అంకె కిందికి రాకపోగా కొంచెం పైకెక్కింది. ఆమె ఉప్పు డబ్బా తీసి పక్కింటికి పంపించేసింది. అటు తర్వాత బ్రెడ్డు మీద అనుమానమొచ్చి టీలోకి బ్రెడ్డు బంద్ చేసింది. ఆ పైన బోరు నీళ్ళ మీద పడింది. "నాలిక మీద పోసుకొని చూడు, ఉప్పగ లేవా? గీ నీళ్ళతోనే వండుతున్నం కదా," అని, రోజంతా మిరపకాయలు కోసి వచ్చిన మనిషి రెండు వీధులవతల కుళాయి నుంచి బిందె చంకనెత్తుకుని వంటకు మంచినీళ్ళు మోసుకురావడం మొదలుపెట్టింది.

నేను మంచం మీద కూర్చుని చూసేవాణ్ణి. "నేను తెస్త," అని ఒకసారి లేచాను. "బరువు మొయ్యొద్దన్నడు కదా డాక్టరు, కూసో," అంది. అలా అని డాక్టరు ఎన్నడూ అనలేదు. కూర్చున్నాను.

ఎంత దారుణంగా ఇరుక్కున్నానో అప్పుడర్థమైంది. నేను బయట తింటున్నానని ఆమెకు తెలీదు కాబట్టి, తగ్గని బీపీకి కారణం తన వంటే అనుకుంటోంది. తన వంటే అనుకుంటోంది కాబట్టి ఉప్పు ఇంకా తీసేస్తోంది. ఆమె తీసేసే కొద్దీ ఇంటి తిండి నోట పెట్టలేక నేను మెస్సులో ఇంకా ఎక్కువ తింటున్నాను. తిన్న కొద్దీ అంకె లేస్తోంది. ఆపాలంటే నోరు విప్పాలి. నోరు విప్పితే ఆమె ముఖం ఎలా మారుతుందో తల్చుకుని ఊరుకునేవాణ్ణి. ఇంట్లో ఆమె, గేటులో నా బండి, మధ్యలో అబద్ధం. ఎటు పోవడానికీ లేదు.

డాక్టరుకు కూడా చెప్పలేదు. "ఉప్పు తగ్గించినవా?" అని అడిగితే, "మా ఇంట్ల ఉప్పు డబ్బానే లేదు సార్," అన్నాను. అది నిజమే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆయన తల గోక్కుని గోలీ డోసు పెంచాడు.

అన్నిటికంటే ఘోరం చర్చిలో జరిగింది. మా ఆవిడ పాస్టరుగారికి చెప్పి నా బీపీని ప్రార్థన మనవుల్లో పెట్టించింది. ఆదివారం పొద్దున అంతమంది తలలు వంచుకుని, కొందరు ఏడుస్తూ, మా సహోదరుడి రక్తపోటును తగ్గించు ప్రభువా అని ప్రార్థన చేస్తున్నారు. నేను వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద ఉన్నాను. శనివారం ఎండు చేపలు తిన్న నోటితోనే ఆమేన్ అంటున్నాను. అటు పక్క ఆడవాళ్ళ వరసలో అందరికంటే గట్టిగా వినపడుతున్న ఏడుపు గొంతు మా ఆవిడదే. ఇంటికి వెళ్ళే దారిలో చెప్పేద్దామనుకున్నాను. "ఏమే," అన్నాను. "ఏందయ్యా," అని ఆగి, ముఖంలో ఎంత నమ్మకంతో చూసిందంటే, "ఎండ మస్తుగున్నది, జర నీడకు నడువు," అని మాట తిప్పేశాను. పిరికి వెధవను. ఇంకో మాట లేదు నాకు.

మార్చి దాటి ఏప్రిల్ వచ్చింది. ఖమ్మం మెడికల్‌కు ఇంక పది రోజులే ఉన్నాయి. మా వైపు ఏప్రిల్ ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు. మిరప తోటలో నీడ ఉండదు, ఘాటుకు గొంతు మండి బిందెల కొద్దీ నీళ్ళు తాగుతారు. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి పిక్కలు పట్టుకుని కూర్చునేది. "నరాలు గుంజుతున్నయ్," అనేది. తలనొప్పి అనేది. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. "ఎండకు గట్లనే ఉంటది, రేపు పోకు," అనేవాణ్ణి. "పోకపోతే ఎట్ల? మల్ల కోతలు అయిపోతయ్," అనేది. అన్నం సగంలో వదిలేసేది. నేను చూశాను. ఎండ అనుకున్నాను. ఎండ అనుకుంటే నాకు సుఖంగా ఉంది కాబట్టి అలాగే అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం గేటు ముందు కూలీల ఆటో వచ్చి ఆగింది. నేనప్పుడే మెస్సులో తిని చేతులు తుడుచుకుంటున్నాను. ఆటోలోంచి ఒకామె, "అన్నా, జల్దీ రా, మీ ఆమె పడిపోయింది," అని కేక పెట్టింది. పరిగెత్తుకు పోయి చూస్తే వెనక సీట్లో ఇద్దరి మధ్య ఒరిగిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, "అమ్మా, బర్రెలొచ్చినయా?" అని అడిగింది. మాకు బర్రెలు లేవు. వాళ్ళమ్మ చనిపోయి ఏళ్ళయింది. రిజిస్టరూ గేటూ అట్లనే వదిలేసి ఆటో ఎక్కాను.

దవాఖానాలో ఒక డాక్టరమ్మ చూసింది. రక్తం తీసుకుపోయారు, సెలైన్ పెట్టారు. కాసేపటికి డాక్టరమ్మ కాగితం పట్టుకుని బయటికొచ్చి, "ఈమె ఏం తింటోంది?" అని అడిగింది.

"అందరు తినేదే మేడం. అన్నం, కూర."

"ఉప్పు?"

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. అందుకే తెలివి తప్పింది. ఎవరు మానమన్నారు ఈమెకు?"

"నాకు బీపీ మేడం. నాకు తగ్గించమన్నరు. ఒక్కటే గిన్నె కదా మాకు..."

"తగ్గించమంటే తగ్గించాలి. అది మీకు మంచిదే, మీ డాక్టరు సరిగ్గానే చెప్పాడు. కానీ ఈమె పొద్దంతా ఎండలో చెమట కార్చే మనిషి. మొత్తానికే మాన్పించి, వట్టి నీళ్ళు తాగిస్తే ఎట్లా బతుకుతుందయ్యా? ఇంకో రోజు ఆగి తెచ్చుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వెంట వచ్చిన కూలీ ఆమె నా పక్కనే నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. "మేం చెప్తనే ఉన్నం అన్నా," అంది. "పగటి పూట అందరం మామిడికాయ కోసుకొని ఉప్పుకారం అద్దుకొని తింటం. ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకుంటం. ఇంత పెడితే ముట్టది. మా ఇంటాయన నోరు కట్టుకున్నడు, నేనెట్ల తింట అంటది. ఒట్టు పెట్టుకున్నట్టు చేసింది."

నా వేళ్ళకు ఇంకా మెస్సులో తిన్న నిమ్మకాయ పచ్చడి వాసన ఉంది.

నా స్టీరింగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాని కోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. ఆ నెల మెడికల్‌కు నేను పోలేదు. డిపో డాక్టరు దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు రాసుకుంటే రిజిస్టరు నిండేది. ఇంకో మూడు నెలలు ఇప్పించాడు. ఆ మూడు నెలలూ కూరలో సగం ఉప్పు, పచ్చడి లేదు, ఎండు చేప లేదు. మూడు వారాల్లో నాలుక దారికొచ్చింది, నెలన్నరకు మెస్సు ముందు నుంచి పోతే అక్కడి కూర వాసనే ఉప్పగా తోచేది. అంకె దిగింది. వానాకాలంలో నా బండి నాకు ఇచ్చారు, క్లచ్ సగం అరిగిపోయి. అంత తేలికగా అయ్యే పనికి నేను చేసిన నిర్వాకం అదీ.

దవాఖానాలో మూడో రోజు పొద్దున ఆమెకు పూర్తిగా తెలివొచ్చింది. నేను మంచం పక్కన స్టూలు మీద ఉన్నాను. నన్ను గుర్తుపట్టి మొదట అడిగింది ఇదే: "మెడికల్ ఎన్నడు?"

"నీకెందుకే అదంత, పండుకో."

"తోటల పడిపోయేటప్పుడు ఒక్కటే అనుకున్న," అంది. గొంతు ఇంకా పీలగా ఉంది. "నేను పోతే ఈయనకు చప్పిడి కూర ఎవరు వండుతరు? హోటల్ల తింటడు, బీపీ లేస్తది, బండి పోతది. గదే భయమైంది. చచ్చిపోతనని గాదు."

ఇంక ఆపుకోలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నేను తింటనే ఉన్ననే."

"ఏంది?"

"ఉప్పు. మెస్సుల. రోజూ."

"ఎప్పటి సంది?"

"రెండో వారం సంది."

"పచ్చడి గూడనా?"

"అవ్."

"ఎండు చేపలు?"

"అవ్."

తిడుతుందనుకున్నాను. తిడితే బతికిపోతాననుకున్నాను. ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని దుప్పటి కిందికి పెట్టుకుంది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. పక్క మంచం వాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. లేచి బయటికి పోదామా అనిపించింది. పోలేదు, ఈసారి అక్కడే కూర్చున్నాను.

అంతలో నర్సమ్మ స్టీలు గ్లాసులో గంజి తెచ్చింది. ఉప్పు వేసి తెచ్చానంటూ మెల్లగా తాగమంది. లేపి కూర్చోబెట్టడానికి నేను భుజం కింద చెయ్యి పెట్టబోతే తోసేసి, తనంతట తనే మంచం పట్టె పట్టుకుని లేచింది. రెండు చేతులతో గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

తాగి ఆగిపోయింది. గంజి మింగకుండా నోట్లోనే పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెప్పల కింది నుంచి నీళ్ళు కారి చెంపల మీదికొచ్చాయి. కోపంతో ఏడుస్తోందనుకున్నాను.

"అబ్బా, ఎంత కమ్మగున్నదో," అంది. నాతో కాదు, నర్సమ్మతో.

ఆమెకు కూడా ఉప్పంటే ఇష్టమని ఆ రెండున్నర నెలల్లో నాకు ఒక్కసారి తట్టలేదు. ఆమె మిగతా గంజంతా ఆగకుండా తాగింది. గ్లాసు వంచి అడుగున అంటుకున్నది వేలితో తీసుకుని నాకింది. తర్వాత గ్లాసు ముందుకు చాపి, "ఇంకింత పోస్తవా సిస్టరమ్మా?" అని అడిగింది.